మామ వచ్చేలోగా గేటు పిల్లరు

మా ఇంటి గేటుకు రెండు పిల్లర్లు. వీధిలో నిలబడి చూస్తే ఎడమ పక్కది నిటారుగా ఉండేది. కుడి పక్కది మాత్రం కట్టిన మూడో ఏటి నుంచే గేటు వైపు తల వంచడం మొదలుపెట్టింది. ఇటుకలతో దాన్ని కట్టింది ఎవరో కాదు, నేనే. పక్కన ఒక మేస్త్రి ఉన్నమాట నిజమే గానీ, అతను నేను చెప్పినట్టు చేశాడు. అప్పట్లో ఈ సంగతి అందరికీ గొప్పగా చెప్పుకునేవాణ్ణి. తర్వాత్తర్వాత ఆ మేస్త్రి పాత్రను కొంచెం కొంచెంగా పెంచుకుంటూ వచ్చాను.

నేను పుంగనూరులో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను. ఇల్లు మదనపల్లెలో. పొద్దున బస్సెక్కి పోవడం, సాయంత్రం తిరిగి రావడం. వస్తువు గరిమనాభి నుంచి కిందికి గీసిన నిలువు గీత దాని పీఠం లోపల పడినంతకాలం ఆ వస్తువు పడిపోదని ఎంతమంది పిల్లలకు చెప్పానో నాకే తెలియదు. మా పిల్లరు విషయంలోనూ అదే చెప్పేవాణ్ణి. ఇంకో నాలుగంగుళాలు ఒరిగినా పడదు, కావాలంటే లెక్క వేసి చూపిస్తానని అనేవాణ్ణి. మా ఇంట్లో ఆ లెక్క చూడడానికి ఎవరూ ముందుకు రాలేదు.

"పడకుండా ఉండేది వేరే, నిలబడి ఉండేది వేరే" అనేది నా భార్య.

పిల్లరు ఒరిగేకొద్దీ గేటు రెక్కలు రెండూ ఒకదాని మీద ఒకటి ఎక్కడం మొదలుపెట్టాయి. గడియ పట్టలేదు. గడియ తీసేసి గొలుసు వేశాను. గొలుసు బిగుసుకుపోతే పాత సైకిలు ట్యూబు కోసి కట్టాను. వీధిలో మేకలన్నిటికీ ఆ ట్యూబు సంగతి తెలుసు. తలతో ఒక్క తోపు తోసి లోపలికొచ్చి, మా కరివేపాకు చెట్టు తినగలిగినంత తిని, వచ్చిన దారినే మర్యాదగా పోయేవి. టమాటా లారీ మార్కెట్టుకు పోతూ వీధి మలుపు తిరిగితే చాలు, గేటంతా గలగలలాడేది. ఎవరో వచ్చారనుకుని నేను లేచి వెళ్ళేవాణ్ణి. నా భార్య లేచేది కాదు. ఆమెకు లారీకీ చుట్టానికీ తేడా తెలుసు.

ఇదంతా ఇరవై ఏళ్ళు భరించినవాణ్ణి, ఒక్కసారిగా ఎందుకు ఉలిక్కిపడ్డానంటే, మా మామ వస్తున్నాడని కబురొచ్చింది.

మా మామది కుప్పం. జీవితమంతా గ్రానైటు క్వారీల్లో రాతిపని చేసినవాడు. ఆ చుట్టుపక్కల ఆయన కన్ను పేరుమోసిన కన్ను. గుడుపల్లె నుంచి రామకుప్పం దాకా ఎవరు రాతి కంబం పాతినా ఒకసారి వచ్చి చూసి పొమ్మని పిలిచేవాళ్ళు. ఆయన దారమూ గుండూ బయటికి తీసేవాడు కాదు. ఎడమ కన్ను మూసి, కుడి కంటితో ఒక్క చూపు చూసి, "రెండు నూళ్ళు తూరుపు తట్టుకి ఉండాది" అనేవాడు. నూలంటే అంగుళంలో ఎనిమిదో వంతు. నమ్మలేనివాళ్ళు గుండు వేలాడదీసి చూస్తే సరిగ్గా రెండు నూళ్ళే తేలేది. పెళ్ళిచూపుల్లో నన్ను కూడా ఒంటికంటితోనే చూశాడు. పిల్లోడు మంచోడే గానీ ఎడమ భుజం అరంగుళం దిగువకు ఉందని ఇంటికి పోయాక అన్నాడట. పెళ్ళయిన ఆరు నెలలకు ఈ మాట నా చెవిన పడింది. అద్దం ముందు నిలబడి చూసుకున్నాను. నిజమే.

ఇల్లు కట్టేటప్పుడు ఆయన కుప్పం నుంచి వచ్చి, గేటుకు తన చేత్తో చెక్కిన రెండు రాతి కంబాలు పంపిస్తానన్నాడు. మూడడుగులు తవ్వి పాతమన్నాడు. అప్పుడు నాకు ముప్పై ఏళ్ళు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు అనే వయసు. "రాతి కంబాలు పెడితే ఇల్లనుకోరు మామా, గుడి అనుకుని చెప్పులిడిచి వస్తారు" అన్నాను. అక్కడితో ఊరుకోకుండా, అడుగున్నర లోతు చాలునని సిమెంటు సంచి మీద పెన్నుతో లెక్క వేసి చూపించాను. ఆయన ఆ సంచిని చాలాసేపు చూశాడు. "సంచి మీద బాగనే నిలబడుతుందప్పా" అని, ఆ మధ్యాహ్నమే బస్సెక్కి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత మా ఇంటికి రాలేదని కాదు. వచ్చేవాడు, కాఫీ తాగేవాడు, పొద్దు వాలకముందే పోయేవాడు. మా ఇంట్లో నిద్ర చేయలేదు. పోయేటప్పుడు గేటు దగ్గర ఆగి, ఎడమ కన్ను మూసి, పిల్లరును ఒకసారి చూసేవాడు. ఒక్క మాట అనేవాడు కాదు. ఆ అనకపోవడం నాకు తిట్టుకంటే ఎక్కువ మండేది. గత రెండేళ్ళుగా ఆ వచ్చిపోవడం కూడా మానేశాడు.

అలాంటి మనిషి ఇప్పుడు పది రోజులు ఉండడానికి వస్తున్నాడు. కుప్పంలో మా బావమరిది ఇంటికి రంగులు వేయిస్తున్నాడు. ఆ వాసన ఆయనకు పడదు.

"నాయన వస్తాండాడు. పది దినాలు ఉంటాడంట" అంది నా భార్య. ఆమె సంతోషంగానే చెప్పింది. నాకు మాత్రం పది రోజులు, రోజుకు రెండు పూటలు, పిల్లరు ముందు ఒక కన్ను మూసి నిలబడిన మనిషి కనిపించాడు. ఆయన ముందు ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి, నేను కట్టింది నిలబడిందని అనిపించుకోవాలి. నాకు అప్పటికి యాభై రెండేళ్ళు. ఆ వయసులో మామ చేత శభాష్ అనిపించుకోవాలనే కోరిక ఉందని ఎవరితోనూ చెప్పుకోలేం. కానీ ఉంది.

వారం రోజుల టైముంది. పిల్లరు చుట్టూ టేపు పట్టుకుని తిరుగుతుంటే వీధిలో పోయేవాళ్ళంతా ఆగారు. ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు గానీ, ఒక పిల్లరు బాగుచేసి చూడు అని కూడా కలపాలి. పాలాయన, పడగొట్టి కొత్తది కట్టమన్నాడు. ఆటో ఆయన, తాడు కట్టి ఆటోతో లాగుదామన్నాడు. రెండిళ్ళ అవతల ఉండే రిటైరైన పెద్దమనిషి వాస్తు ప్రకారం అది ఏ మూలో చూసి, తల అడ్డంగా ఊపి, ఏమీ చెప్పకుండా వెళ్ళిపోయాడు. చెప్పేవాడికి వినేవాడు లోకువ. నేను టేపు చుట్టేసి లోపలికి పోయాను.

చివరికి పుంగనూరులో టీ అంగడి దగ్గర పరిచయమున్న, తాపీపని చేసే ఒక బేల్దారి సాయిబును పిలుచుకొచ్చాను. అరవై దాటిన మనిషి. నాతో తెలుగు, తనలో తాను దక్కనీ. పిల్లరు చుట్టూ రెండుసార్లు తిరిగి, దాని మొదలు దగ్గర కాలితో తట్టి చూశాడు.

"ఎవురు సార్ ఇది కట్టింది?"

"అప్పట్లో ఎవరో మేస్త్రి" అన్నాను.

వసారాలో బియ్యం ఏరుతున్న నా భార్య చేట ఆపి నా వైపు చూసింది.

పడగొట్టక్కర్లేదన్నాడు సాయిబు. గేటు రెక్కలు ఊడదీసి, పిల్లరు మొదలు దగ్గర కుడి పక్క మట్టి తోడేసి వదులు చేస్తే, లారీ జాకీ పెట్టి కుడి పక్కకు మెల్లగా తోయొచ్చు. నిటారు కాగానే మొదట్లో కాంక్రీటు పోసి బిగించేస్తే చాలు. జాకీ వెనక ఆనిక కోసం నేలలో గుంజ పాతి, ఏటవాలుగా దూలం పెడదామన్నాడు. ఇక్కడే నాలోని మాస్టారు మేలుకున్నాడు. గుంజ ఎందుకు, ఎదురుగా రెండో పిల్లరు ఉంది కదా, దూలాన్ని దానికి ఆనించి అడ్డంగా పెడితే బలం వృథా కాకుండా సూటిగా పోతుందన్నాను. సాయిబు గడ్డం గోక్కున్నాడు.

"ఆ పిల్లరు కూడా ఆ మేస్త్రే కట్టినాడా సార్?"

"అవును."

"సరే. మీరు సదువుకున్నోరు" అన్నాడు. ఆ మాటలో ఎంత అనుమానం ఉందో నాకు అప్పుడు తెలియలేదు.

మామ వచ్చే ముందురోజు, కాలేజీకి సెలవు పెట్టి పని మొదలుపెట్టాం. సాయిబు వీధిలో నిలబడ్డాడు. పిల్లరు తల మీద నుంచి దారం కట్టిన గుండు వేలాడుతోంది. జాకీ దగ్గర నేను. మొదట దూలాన్ని సర్దుతుంటే సాయిబు అవతలి నుంచి, "సీదా తట్టుకి జరపండి సార్, సీదా" అన్నాడు. సీదా అంటే తిన్నగా కదా అని నేను దూలాన్ని తిన్నగా ఇంటి వైపు జరిపాను. అది జారి నా పాదం పక్కన పడింది.

"అట్ల గాదు సార్. మా మాటలో సీదా అంటే కుడి. సీదా హాత్." కుడి చెయ్యి పైకెత్తి చూపించాడు. "అన్నం తినే చెయ్యి."

నాకు కొత్త విషయం తెలిస్తే ఊరుకోలేను. వసారాలోకి వెళ్ళి నా భార్యకు చెప్పాను. ఒకే మాటకు ఒకచోట తిన్నగా, ఒకచోట కుడి అని అర్థం ఎలా వచ్చిందో నా ఊహ కూడా జోడించాను. కుప్పంలో మూడు భాషల మధ్య పెరిగిన మనిషి ఆమె. "అది మాకు సిన్నప్పటి నుంచీ తెలుసులే. పోయి పని సూడండి" అంది.

పోయి జాకీ కొట్టడం మొదలుపెట్టాను. పిల్లరు కిర్రుమంది. కదిలింది. ఇరవై ఏళ్ళుగా వంచిన తల ఎత్తుతుంటే నాకు గుండెల్లో ఏదో పొంగింది. సాయిబు "సీదా, సీదా" అంటున్నాడు. నేను కొడుతున్నాను. కుడి, ఇంకా కుడి. కొంతసేపటికి అతని గొంతు పెరిగింది. "సీదా సారూ, సీదా" అన్నాడు. ఇంకా బలంగా కొట్టమంటున్నాడనుకుని ఇంకా బలంగా కొట్టాను. "సీదా హోగయా, ఠైరో" అని అతను రెండు చేతులూ ఊపుతూ పరుగెత్తుకొచ్చేసరికి నేను చెమటలు కక్కుతూ నాలుగు దెబ్బలు అదనంగా వేసి ఉన్నాను. పిల్లరు తిన్నగా అయింది, ఆపమని అతను చెబుతున్నాడు. ఒక గంట ముందు వరకు నాకు ఆ మాటకు ఆ అర్థం ఒక్కటే తెలుసు. అప్పుడైతే ఆపేవాణ్ణే. చదువుకున్నందువల్ల చెడిపోయాను.

మట్టి వదులైన పిల్లరు నేను తోసినదానికంటే తనంతట తాను ఎక్కువ దూరం పోయింది. మొదలు దగ్గర ఒక వరుస ఇటుకల్లో సన్నగా పగులు వచ్చి, రెండున్నర అంగుళాలు అవతలికి ఒరిగి ఆగింది. గోరుచుట్టు మీద రోకటిపోటు అనుకుంటూ వెనక్కి తిరిగి చూస్తే, ఎడమ పక్క పిల్లరు. ఇరవై ఏళ్ళుగా ఎవరి జోలికీ పోకుండా నిటారుగా నిలబడ్డ ఆ రెండో పిల్లరు, దూలం వెనక్కి తన్నిన తాపుకు ఎడమ పక్కకు ఒరిగి ఉంది. చర్యకు ప్రతిచర్య సమానంగా, వ్యతిరేక దిశలో ఉంటుందని ఆ సోమవారమే నల్లబల్ల మీద రాసి వచ్చాను. కింద గీత కూడా గీశాను.

సాయిబు గుండు తీసుకెళ్ళి రెండో పిల్లరుకు కూడా వేలాడదీసి కొలిచాడు.  తనలో తాను ఏదో అనుకున్నాడు. అది దక్కనీలో కావడం నా అదృష్టం.

కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడింది. ఇదివరకు గేటు రెక్కలు ఒకదాని మీద ఒకటి ఎక్కేవి. ఇప్పుడు మళ్ళీ తగిలించి చూస్తే రెండింటి మధ్య బెత్తెడు సందు. ఇదివరకు మేకకు తలతో తోసే శ్రమ ఉండేది, అది కూడా తప్పింది. వెనక్కి తోద్దామా అంటే, పగిలిన చోట విరిగి మీద పడుతుందన్నాడు సాయిబు. రెండూ పడగొట్టి మళ్ళీ కట్టడమే దారి, దానికి పది రోజులు కావాలి. మామ తెల్లారితే బస్సెక్కుతాడు. ప్రస్తుతానికి పడకుండా రెండింటి మొదట్లోనూ కాంక్రీటు పోసి, సామాను సర్దుకుని, సాయిబు పుంగనూరు బస్సెక్కాడు.

నా భార్య గేటు దాకా వచ్చి రెండు పిల్లర్లనూ చూసింది. ఒకదానికొకటి మొహం తిప్పుకుని నిలబడి ఉన్నాయి. "ఇది గూడా పడదా?" అని అడిగింది. లెక్క వేసి చూపిస్తానని నేను అనలేదు.

మర్నాడు నాకు మిగిలింది ఒకటే ఉపాయం. మామను ఆటోలో ఎక్కించుకొచ్చి, గేటు దగ్గర ఆపకుండా వాకిట్లోకే తోలించి, గబగబా లోపల కూర్చోబెట్టడం. గేటు ఎలాగూ మూయలేం కాబట్టి ఆటో లోపలికి రావడం సులువే.

మదనపల్లె బస్టాండులో ఆయన కుప్పం బస్సు దిగాడు. దిగేటప్పుడు మెట్టు మెట్టుకూ కాలితో తడిమి తడిమి దిగాడు. బస్సు మెట్లు కూడా సరిగ్గా కట్టలేదని పరీక్షిస్తున్నాడు కాబోలు అనుకున్నాను. ఎదురుగా నిలబడి ఉన్న నన్ను దాటుకుని నాలుగడుగులు పోయాడు. ఇంకా కోపం పోలేదనుకున్నాను. "మామా" అని పిలిస్తే ఆగి తిరిగాడు. "ఏమప్పా, బాగుండావా" అన్నాడు. ఆటో ఇంటి దగ్గరికొచ్చింది. లోపలికి తోలమని ఆటో ఆయనకు నేను సైగ చేస్తూనే ఉన్నాను. అతను గేటు ముందే ఆపేశాడు. ఆ పిల్లర్ల మధ్య నుంచి ఆటో తోలడానికి తనకు ధైర్యం చాలదన్నాడు.

మామ దిగాడు. కాంపౌండు గోడను అరచేత్తో తడుముతూ నడిచాడు. గోడ పూత ఎంత గరుకుగా ఉందో చూస్తున్నాడనుకున్నాను. పిల్లరు దగ్గర ఆగాడు. అలవాటుగా ఎడమ కన్ను మూసి, తల ఎత్తి, కుడి కంటితో చూశాడు. రెండో పిల్లరు వైపు తిరిగి దాన్నీ చూశాడు. నా భార్య మజ్జిగ లోటాతో వచ్చి నిలబడింది. 

"బాగ నిలబెట్టినావప్పా" అన్నాడు మామ. "నూలు తేడా లేదు. నేనే నిన్ను తక్కువగ అనుకున్న్యా."

 ఇరవై ఏళ్ళు. అంత సంతోషం నాకు ఉద్యోగం వచ్చినప్పుడు కూడా కలగలేదు. ఒక నిమిషం పాటు నిజంగానే ఆ పిల్లర్లు తిన్నగా ఉన్నాయేమో, మా కళ్ళకే తేడాగా కనిపిస్తున్నాయేమో అనుకున్నాను. తర్వాత నా భార్య ముఖం చూశాను. ఆమె లోటాను రెండు చేతులా పట్టుకుని, కదలకుండా, తన తండ్రి కళ్ళలోకి చూస్తోంది. అప్పుడు నాకూ అర్థమైంది. బస్సు మెట్లూ, గోడ మీద అరచెయ్యీ, నన్ను దాటుకుని పోవడమూ అన్నీ అర్థమయ్యాయి. పిల్లర్లు రెండూ ఒరిగిన సంగతి మా వీధి మేకలకు కూడా కనిపిస్తోంది.

అన్నం దగ్గర ఆమె ఆయన పక్కనే కూర్చుంది. ఆయన ఉప్పు కోసం విస్తరి చుట్టూ వేళ్ళతో వెతుకుతుంటే చూసింది. "నాయనా, ఆ గోడ మీద క్యాలెండరులో ఏ నెల ఉండాదో సూడు" అంది.

"నాకు నెలతో యాం పని?"

"నాయనా."

ఆయన చెయ్యి అన్నంలోనే ఆగిపోయింది. "రెండేండ్లాయ" అన్నాడు. "మొదట పొగ మాదిరి ఉన్నింది. ఇప్పుడు మనుషులు కూడా గొంతును బట్టే."

"తమ్మునితో యాల చెప్పలా?"

"చెప్తే ఏమంటారు? ఆయప్ప కన్ను పోయిందంట అంటారు. నాకు ఉండేది అదొక్కటే గదమ్మా."

మా ఇంటికి రావడం ఎందుకు మానేశాడో అప్పుడు తెలిసింది. అన్నిటికంటే ముందు ఆ మాటకు నాకు సిగ్గేసింది. రెండేళ్ళుగా ఆయన నా పిల్లరును చూడలేక రావడం లేదని అనుకున్నాను. నిజమే, చూడలేకే రాలేదు.

మర్నాడే ఆయన్ను కంటి ఆసుపత్రికి తీసుకెళ్ళాం. కంట్లో పొర, ఆపరేషన్ చేస్తే చూపు వస్తుందని డాక్టరు చెప్పాడు. కుడి కన్ను ముందు చేస్తానన్నాడు. ఇక్కడ ఒక సంగతి ఒప్పుకోవాలి. ఆసుపత్రి బెంచీ మీద కూర్చుని ఉండగా నాలోని దొంగ ఒకడు మెల్లగా లెక్క వేశాడు. ఈ కన్ను బాగుపడితే ఆయన ఇంటికొచ్చి చూసే మొదటి వస్తువు నా గేటు. ఇరవై ఏళ్ళకు దొరికిన మెచ్చుకోలు నాలుగు రోజులు కూడా నిలవదు. కుప్పంలోనే చేయించుకుంటే మంచిదేమో, బావమరిది కూడా దగ్గరుంటాడు అని నోటిదాకా వచ్చింది. పక్కన మామ ఎదురుగోడను చూస్తూ కూర్చున్నాడు. ఆ గోడ మీద పెద్దపెద్ద అక్షరాలు రాసిన పలక ఉంది, చూపు పరీక్ష కోసం. ఆయన దాన్ని కిటికీ అనుకుని, బయట ఎండ ఎక్కువగా ఉందా అని నన్ను అడిగాడు. నేను లేచి వెళ్ళి కాగితాల మీద సంతకం పెట్టాను.

ఆపరేషన్ అయిన మర్నాడు కట్టు విప్పారు. నల్ల కళ్ళద్దాలు పెట్టి, నెల రోజులు వంగకూడదు, బరువెత్తకూడదు, దుమ్ములోకి పోకూడదు అని చెప్పి పంపించారు.  దారి పొడవునా ఆయన ఆటోలోంచి బయటికి చూస్తూనే ఉన్నాడు. టమాటా బుట్టలు, అంగళ్ళ బోర్డులు, గోడల మీద పోస్టర్లు. ఆటో మా గేటు ముందు ఆగింది. ఈసారి మెట్టు తడమకుండా దిగాడు. నా భార్య వాకిట్లో నిలబడి ఉంది.

ఆయన కళ్ళద్దాలు కొంచెం కిందికి దించి, ఎడమ కన్ను మూశాడు.

"యాం పిల్లర్లప్పా ఇవి?" అన్నాడు. "ఇది ఆ తట్టుకి, అది ఈ తట్టుకి. మొగుడూ పెండ్లాం కొట్లాడుకుని పండుకున్నట్లు. ఇది రెండున్నర అంగుళం. అది అంగుళం మీద మూడు నూళ్ళు. ఎవుడప్పా వీటి కింద మనుషుల్ని తిరగనిచ్చేది? గోడ పూతేంది, ఎద్దు నాకినట్లుంది. ఆ కిటికీ రెక్క కూడా దిగబడి ఉండాది. నీ సొక్కాకి గుండీలు పైదొకటి కిందికి పెట్టుకున్నావు. ఇట్లనే పోతావా పిల్లకాయలకి పాఠం సెప్పేదానికి?"

నా భార్య వాకిట్లోనే కూర్చుండిపోయింది. కొంగు నోటికడ్డం పెట్టుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో మొదట తెలియలేదు, రెండూ చేస్తోంది. ఆ పెద్దాయన అలా తిడుతూ ఉంటే నాకు ఒంట్లోకి ప్రాణం వచ్చినట్టుంది. ఇంకా ఏమేమి వంకరగా ఉన్నాయో చూసి చెప్పమని ఆయన ముందు నిలబడ్డాను.

ఉన్నట్టుండి ఆయన ఆగిపోయాడు. చెయ్యి పిల్లరు మీద ఉంది. మొన్న అదే చోట నిలబడి ఏమన్నాడో గుర్తొచ్చినట్టుంది. ముఖం చిన్నబోయింది.

"ఆ పొద్దు నేను దీన్ని సూసి బాగుండాదని అన్న్యా గదా" అన్నాడు నెమ్మదిగా. "యాల నాకు చెప్పలా నువ్వు?"

"ఇన్నేండ్లకి ఒక్కతూరి మెచ్చుకున్నావు మామా" అన్నాను. "దాన్ని యాల పోగొట్టుకుంటాను?"

ఆయన నన్ను చూశాడు. కింది నుంచి పై దాకా, తొందర లేకుండా చూశాడు. తర్వాత కళ్ళద్దాలు సర్దుకుని, గడ్డపార యాడుండాదో తీసుకురమ్మన్నాడు.

"నెల దినాలు వంగకూడదని డాక్టరు చెప్పలేదా నాయనా?" అంది నా భార్య వాకిట్లోంచి.

"నేను యాల వంగుతా?" అన్నాడు మామ. "తవ్వేది నీ మొగుడు. నేను సూస్తా."